నల్ల పలక ఊరుకున్న రోజు

కంప్యూటరు తెర మీది ఆ నల్ల కిటికీ తీసెయ్యమని మేనేజరు నాకు పంపిన మెసేజి ఇప్పటికీ నా ఫోనులో ఉంది. మధ్యలో ఫోను మార్చాను. అక్క పెళ్ళి ఫోటోలు కొన్ని పోయాయి. ఇది మాత్రం పోలేదు, నేను పోనివ్వలేదు. కొంతమంది ఇలాంటివి మర్చిపోతారు, పోనీలే అనుకుంటారు, మంచివాళ్ళనిపించుకుంటారు. నాకా గుణం లేదు. చిన్నప్పటి నుంచీ మా అమ్మ నన్ను పగబట్టే పిల్ల అనేది. ఇప్పటికీ అంటుంది, నేనూ కాదనను.

తోటపల్లి గూడూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో, రొయ్యల చెరువుల మధ్య, ఒక చిన్న ల్యాబులో నాకు ఉద్యోగం. రైతులు చెరువు నీళ్ళు సీసాల్లో పట్టి తెస్తారు. ఉప్పు ఎంత ఉంది, అమ్మోనియా ఎంత ఉంది, ఆల్కలినిటీ, అంటే నీళ్ళలో సున్నపు గుణం, ఎంత ఉంది అని మేము చూస్తాం. చూసి, ఏం వెయ్యాలో, ఎంత వెయ్యాలో కాగితం మీద ఇస్తాం. కావలిలో డిగ్రీ చదివి ఇందులో చేరాను. చేరిన మొదటి వారంలోనే ఒక సంగతి అర్థమైంది. మా వైపు రైతుకి ల్యాబు మీద నమ్మకం ఉందో లేదో మాటల్లో తెలియదు, సీసాల్లో తెలుస్తుంది. నమ్మకం లేనివాడు ఒకే చెరువు నీళ్ళు రెండు సీసాల్లో పట్టుకొస్తాడు. ఒకటి మా బల్ల మీద పెడతాడు. రెండోది సంచిలో దాచుకుని ఇంకో ల్యాబుకి పోతాడు. సాయంత్రం ఇంట్లో కూర్చుని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటాడు. సంచిలో సీసా మాకు కనపడుతూనే ఉంటుంది. మేము చూడనట్టు ఉంటాం, వాళ్ళు దాచనట్టు ఉంటారు. ఒక్క సీసాతో వచ్చే రైతు వస్తే మాత్రం నేను లేచి కుర్చీ వేసేదాన్ని.

పెద్దాయన ఒక్క సీసా మనిషి. ఊరు సముద్రం ఒడ్డున. ముప్పై ఏళ్ళు చేపల వేటకి పోయి, మోకాళ్ళు అరిగాక పడవలో తన వాటా తమ్ముడికి వదిలేసి, ఎకరన్నర చెరువు కౌలుకు పట్టాడు. మొదటి రెండు పంటలూ పోయాయి. మూడోది కూడా పోతే చెరువు ఇంకొకరికి ఇచ్చేస్తానని చెరువు సొంతదారు మొహం మీదే చెప్పేశాడు. ఆ మూడో పంట మీదే ఉన్నాడు పెద్దాయన.

"ఇదొక్కటి గట్టెక్కితే చాలు పాపా," అనేవాడు నాతో. "సముద్రానికి పోయేదానికి నాకింక కాళ్ళు లేవు. ఇంకొకడి గట్టు మీద టార్చిలైటు పట్టుకోని కాపలా కాసేదానికి మనసొప్పదు."

ఇక నేను రాసిన ప్రోగ్రాము సంగతి. నేను చేరినప్పుడు లెక్కలన్నీ చేత్తో చేసి, కాగితం మీద చేత్తో రాసిచ్చేవాళ్ళం. ఉదయం పది దాటితే బయట బండ్లు బారులు తీరేవి. నాకు విసుగొచ్చింది. మధ్యాహ్నం అన్నం తినే వేళల్లో ఫోనులో వీడియోలు చూసి పైథాన్ అనే కంప్యూటరు భాష నేర్చుకున్నాను. నాలుగు నెలలు పట్టింది. అన్నం మెతుకులు కీబోర్డులో పడ్డాయి, కళ్ళు మంటలెక్కాయి, అమ్మ తిట్టింది. చివరికి అంకెలు కొడితే రిపోర్టు తెలుగులో చక్కగా ప్రింటయి బయటికొచ్చే స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, ఒకటి తయారైంది.

దాని మీద నొక్కగానే ముందు ఒక నల్ల కిటికీ తెరుచుకునేది, తర్వాత దాని పక్కన అంకెలు కొట్టే ఫారం వచ్చేది. కిటికీలో అన్నిటికన్నా పైన, రాసినది ఎవరో చెప్పే వరసలో, నా పేరు. అవును, పెట్టుకున్నాను. నాలుగు నెలల భోజనాలు పోసి రాసుకున్నదాని మీద పేరు పెట్టుకోకపోతే ఇంకెక్కడ పెట్టుకోవాలి? ఆ కిటికీలో తెలుగు అక్షరాలు సరిగ్గా రావు, డబ్బాలు డబ్బాలుగా వస్తాయి. అందుకని ఫోను మెసేజీల్లో రాసుకున్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాశాను. ఆ కిటికీకి ఇంకో పని కూడా అప్పగించాను. ఏ చెరువు అంకె కొట్టినా అది పోయిన వారం అంకెతో పోల్చి చూసేది. మరీ తేడాగా ఉంటే కీమని అరిచేది, ఒక వరస నిండా చుక్కలు పోసేది, మళ్ళీ చూడండి అని రాసి అక్కడే ఆగిపోయేది. మనం చూసి, సరే అని కొడితేగాని రిపోర్టు ప్రింటయ్యేది కాదు. నూరు అంకెలు కొట్టేటప్పుడు ఒక సున్నా ఎగిరిపోవడం, ఒక పాయింటు మర్చిపోవడం ఎవరికైనా జరిగేదే. ఆ అరుపు వల్ల ఎన్ని చెరువులు బతికాయో నాకు తెలుసు.

పెద్దాయనకి ఆ కిటికీ అంటే భలే గురి. ఇంగ్లీషు అక్షరాలు రావు, అయినా నా కుర్చీ వెనక నిలబడి దాన్నే చూసేవాడు. దానికి పలక అని పేరు పెట్టాడు.

"పలక ఏమన్నా అంటా ఉందా పాపా?"

"ఏమీ అనలేదు పెదనాయనా."

"అయితే నీళ్ళు బాగుండాయి. పలక ఊరుకుంటే బాగున్నట్టే."

కాగితంలో ఏముందో కూడా చూడకుండా మడిచి జేబులో పెట్టుకునేవాడు. పలక ఊరుకుందా, అంతే. అది ఆయన లెక్క.

ఇప్పుడు మేనేజరు. ల్యాబు ఓనరు గారి బామ్మర్ది. పదకొండుకి వచ్చేవాడు, ఇస్త్రీ చొక్కా నలగకుండా కూర్చునేవాడు, ఒంటి గంటకి పోయేవాడు. నేను రాసిన స్క్రిప్టు ఆయన కంటపడ్డాక ల్యాబులోకి వచ్చిన ప్రతివాడికీ చూపించడం మొదలుపెట్టాడు. మెచ్చుకుంటున్నాడు కాబోలు అనుకున్నాను. నా అంత పిచ్చిమొహం ఇంకోటి ఉండదు.

నెల్లూరులో మేత డీలర్లూ రైతులూ కలిసే మీటింగు ఒకటి పెట్టారు. ల్యాప్‌టాప్ తీసుకుని నన్ను కూడా రమ్మన్నాడు. ఏసీ హాలు, పెద్ద తెర, ముందు వరసలో ఓనరు గారు. నా మాటలు నేను మనసులో వల్లె వేసుకుంటూ ప్రొజెక్టరు పక్కన వైరు పట్టుకుని నిలబడ్డాను. మైకు ఆయన తీసుకున్నాడు.

"మూడు నెలలు కష్టపడి ఈ సాఫ్ట్‌వేర్ నేను తయారు చేసినా," అన్నాడు.

నా చెవులు నేను నమ్మలేదు. ఓనరు గారు చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. అప్పుడు ఆయన నొక్కాడు. నల్ల కిటికీ గోడంత తెర మీద తెరుచుకుంది, పైన గుమ్మడికాయలంత అక్షరాల్లో నా పేరు. వెనక వరసలోంచి ఒక రైతు అడగనే అడిగాడు.

"ఆ పేరు ఎవురిదన్నా?"

మేనేజరు ఒక్క క్షణం తడబడి నవ్వేశాడు. "మా ల్యాబులో పాప లెండి. టైపు కొట్టింది."

హాలు హాలంతా నా వైపు తిరిగింది. నేనేం చేశానో తెలుసా? నవ్వాను. వైరు చేత్తో పట్టుకుని, పళ్ళు బయటపెట్టి నవ్వాను. ఆయన అన్న మాటకన్నా నేను నవ్విన ఆ నవ్వుకే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మర్నాడు పొద్దున్నే మెసేజి వచ్చింది. ఇంకో రెండు బ్రాంచీల్లో ఈ సాఫ్ట్‌వేర్ పెట్టాలంట. పైథాన్ లేని కంప్యూటర్లో కూడా నొక్కితే చాలు తెరుచుకోవాలంట. ఒక్క ఫైలుగా కట్టియ్యాలంట. ఆ చివర అసలు సంగతి: నల్ల విండో రాకూడదు, నీ పేరు ఎక్కడా కనపడకూడదు.

వెంటనే జవాబు కొట్టాను. తప్పు అంకె కొడితే హెచ్చరిక వచ్చేది ఆ విండోలోనే సార్, అది తీసేస్తే హెచ్చరిక కూడా పోతుంది, అని. ఆయన జవాబు ఒక్క ముక్క. చెప్పింది చెయ్యి.

సరే, చేశాను. అది అనుకున్నంత తేలిక కాదు. స్క్రిప్టునీ, దానికి కావలసిన సరంజామానంతా మూటగట్టి ఒకే ఫైలు చేసే సాధనం ఉంటుంది. కట్టేటప్పుడు కిటికీ వద్దని ఒక్క మాట చెబితే అది తెరుచుకోదు. మొదటిసారి కట్టిచ్చినప్పుడు ఆ మూట విప్పుకుని తెరుచుకోవడానికి కాసేపు పట్టింది. కిటికీ కనపడదు గనక లోపల ఏదో జరుగుతోందని తెలియదు. ఆయన ఒకసారి నొక్కాడు, ఏమీ రాలేదు, మళ్ళీ నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. ఎనిమిదిసార్లు నొక్కాడు. కాసేపటికి ఎనిమిది ప్రోగ్రాములు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. "ఏందమ్మాయ్ ఇది, దయ్యం పట్టినట్టు!" అని గెంతాడు. రెండోసారి వైరస్సులు పట్టుకునే సాఫ్ట్‌వేర్ మా ఫైలునే వైరస్ అనుకుని మింగేసింది. మూడోసారి కావలి బ్రాంచి కంప్యూటర్లో తెలుగు ఫాంటు లేక రిపోర్టు నిండా డబ్బాలొచ్చాయి. ఫాంటుని కూడా మూటలో పెట్టి కట్టాను. ఇంత జరుగుతుంటే ఆయనకి పట్టిందల్లా ఫైలు మీద కనపడే బొమ్మ. రొయ్య బొమ్మ కావాలన్నాడు. పెడితే, మీసాలు ఇంకా పెద్దవి కావాలన్నాడు. పెంచాను మీసాలు.

అన్నిటికన్నా చిక్కు ఆ హెచ్చరికతో వచ్చింది. కిటికీ లేకుండా కట్టిన ప్రోగ్రాముకి ఎవరినీ ఏమీ అడిగే వీలుండదు. అడగడానికి చోటు లేదు, జవాబు కొట్టడానికి చోటు లేదు. అయినా అడగబోతే అక్కడికక్కడే చచ్చి ఊరుకుంటుంది. కాబట్టి ఆ ఆగి అడిగే లైన్లు తీసెయ్యాలి, లేదా వాటి బదులు ఒక చిన్న పెట్టె వచ్చి హెచ్చరించేటట్టు రాయాలి. ఆ చిన్న పెట్టె రాయడం నాకు వచ్చు. రాశాను కూడా. మూడంటే మూడు లైన్లు. ఒక సున్నా తీసేసి అంకె కొట్టి చూశాను. తెర మధ్యలో పెట్టె టక్కున వచ్చి నిలబడింది, మళ్ళీ చూడండి అంది, ఈసారి తెలుగు అక్షరాల్లోనే. కిటికీ కన్నా బాగా వచ్చింది.

అది చూస్తూ కూర్చున్నాను. పక్క గదిలో ఆయన ఎవరికో ఫోనులో, "అవునన్నా, మన సాఫ్ట్‌వేరే, నేనే చేసినా," అంటున్నాడు. నా లోపల ఏదో గట్టిపడిపోయింది. నీకు నా పేరు వద్దు గదా సారూ, అయితే నా కళ్ళు కూడా నీకు వద్దు అనుకున్నాను. ఆ మూడు లైన్ల ముందు మూడు హ్యాష్ గుర్తులు పెట్టాను. ఆ గుర్తు ముందుంటే కంప్యూటరు ఆ లైనుని చదవదు. రాసింది రాసినట్టే ఉంటుంది, పని మాత్రం చెయ్యదు. మూట కట్టి, మీసాల రొయ్య తగిలించి, ఇచ్చేశాను.

నేను టైపు కొట్టినంత కాలం ఏ తప్పూ జరగదని నాకు తెలుసు, ప్రతి అంకె రెండుసార్లు చూసుకునేదాన్ని. నాక్కావలసింది ఆయన టైపు కొట్టడం. ఒంటి వేలితో కొట్టేవాడు, తెర వంక చూసేవాడు కాదు. సోమవారం ఓనరు గారు వస్తారు, ఆ రోజే సీసాలు ఎక్కువ. సోమవారం నేను సెలవు పెడితే ఆయనే కూర్చోవాలి. ఎక్కడో ఒక పాయింటు మర్చిపోతాడు, రిపోర్టులో చెరువుకి లారీ నిండా ఉప్పు పొయ్యమని వస్తుంది, ఓనరు గారి ముందు, రైతులందరి ముందు నవ్వులపాలవుతాడు. అది నా పథకం. ఎన్ని రోజులు దాన్ని నెమరేసుకున్నానో! బస్సులో నవ్వుకునేదాన్ని.

మధ్యలో పెద్దాయన ఒకసారి వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"పలక ఏది పాపా?"

"సార్ తీసెయ్యమన్నారు పెదనాయనా."

"అంటే ఇంక ఏమీ అనదా?"

"లోపల్నుంచి చూస్తానే ఉంటది లెండి," అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు. చుట్టూ మనుషులున్నారు, నాకు పని తొందర, ఆయన్ని పంపించెయ్యాలి. ఆయన తలూపి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సోమవారం బిట్రగుంటలో, రైల్వే కాలనీలో, అక్క ఇంట్లో గడిపాను. అక్క కూతురికి జడలు వేశాను, మునక్కాడలు తరిగాను. ఫోను రెండుసార్లు తీసి చూశాను. "ఏందే, ఊరకే నవ్వుకుంటా ఉండావు?" అని అక్క అడిగింది. ఏమీ లేదన్నాను.

మంగళవారం పొద్దున నేను ల్యాబుకి వచ్చేసరికి బయట ఇరవై మందికి తక్కువ లేరు. మెట్ల మీద పెద్దాయన కూర్చుని ఉన్నాడు, కాళ్ళ దగ్గర ప్లాస్టిక్ బకెట్టు. బకెట్టులో రొయ్యలు, వేలెడంత కూడా లేనివి, తెల్లబడిపోయి. ఇంకెవరి బకెట్టైనా నాకు అంత నొప్పి ఉండేది కాదేమో. ఆయన్ని అక్కడ చూసేసరికి మెట్ల కిందే ఆగిపోయాను.

జరిగింది ఇది. సోమవారం పెద్దాయన సీసా తెచ్చాడు. మేనేజరు ఆల్కలినిటీ నూట ఇరవై అని కొట్టాల్సింది, సున్నా ఎగిరిపోయి పన్నెండు కొట్టాడు. నేను ఊహించినట్టు అది లారీ ఉప్పు లాంటి నవ్వులాట అంకె కాదు. నమ్మేటట్టున్న అంకె. పన్నెండే ఉంటే చెరువుకి సున్నం బాగా వెయ్యాలి కదా, రిపోర్టు కూడా అదే చెప్పింది. ఎప్పుడూ ఒక బస్తా వేసే చెరువుకి పది బస్తాలు. పెద్దాయన కాగితం చూసి అడిగాడట.

"పది బస్తాలా సార్? పోయిన వారం నీళ్ళు బానే ఉండె గదా."

"కంప్యూటర్ కన్నా నీకు ఎక్కువ తెలుసా?" అన్నాడట మేనేజరు.

"పలక ఏమీ అనలేదా?"

"ఏమీ అనలేదు పో."

పలక ఊరుకుందంటే సరే అనుకుని పెద్దాయన సాయంత్రం పది బస్తాల సున్నం చల్లించాడు. సున్నం అంత పడితే నీళ్ళు ఘాటెక్కుతాయి, ఉన్న కాస్త అమ్మోనియా విషమవుతుంది. తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలి గట్ల వెంబడి పడ్డాయి. ఊళ్ళోవాళ్ళంతా దిగి, వల లాగి, ప్రాణంతో ఉన్నవాటిని దొరికినంత పట్టేశారు. ఇంకో రెండు నెలలు పెరగాల్సినవి.

లోపల ఓనరు గారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. మేనేజరు చొక్కా చంకల్లో తడిసిపోయింది. నన్ను చూడగానే వేలెత్తి చూపించాడు.

"సాఫ్ట్‌వేర్ తప్పు బావా. నాకేం సంబంధం? అది నేను చేసింది కాదు. ఈ అమ్మాయే మొత్తం చేసింది."

ఆ మాట! ఆ మాట కోసమే కదా నేను ఇన్ని రోజులూ పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నది. ఆ మాట మైకులో చెప్పి ఉంటే చాలు, ఇంత జరిగేది కాదు. నా గొంతు ఎంత నెమ్మదిగా వచ్చిందో నాకే ఆశ్చర్యం.

"నేను టైపు కొట్టినదాన్నే గదా సార్. చేసింది మీరు. మీటింగులో మైకు పట్టుకోని చెప్పినారు."

"అవును, నేనూ ఉండా ఆ మీటింగులో," అన్నాడు గుమ్మం దగ్గరున్న రైతు ఒకాయన. "మూడు నెలలు కష్టపడినా అనినాడు."

నేను ఫోను తీశాను. ఆయన మెసేజీ, నా జవాబూ, చెప్పింది చెయ్యి అన్న ముక్కా వరసగా ఓనరు గారికి చూపించాను. ఆయన చదివారు, మళ్ళీ చదివారు, ఫోను నాకిచ్చి బామ్మర్ది వైపు చూశారు.

"నువ్వు బయటికి పో," అన్నారు.

మేనేజరు మొహం మాడిపోయింది. తలుపు దగ్గర రైతులు దారి కూడా సరిగ్గా ఇవ్వలేదు, ఇస్త్రీ చొక్కా నలుపుకుంటూ వాళ్ళ మధ్యలోంచి దూరి పోవాల్సి వచ్చింది. నేను కళ్ళు తిప్పకుండా చూశాను. బాధ ఏమైనా కలిగిందా అంటే లేదు. ఇప్పటికీ లేదు. ఆ ఒక్క నిమిషం ఎంత తియ్యగా ఉందో దాచుకోవడం నాకు చేతకాదు.

అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండేది. ఓనరు గారు నా వైపు తిరిగి అడిగారు.

"ఆ హెచ్చరిక మళ్ళా వచ్చేటట్టు చేయాలంటే ఎన్ని రోజులు పడుతుందమ్మా?"

రెండు రోజులు పడుతుందని అనొచ్చు. సాయంత్రానికి చేస్తాను అన్నా ఎవరూ అనుమానించేవారు కాదు. కానీ గెలిచి ఉన్నాను, అందరూ నన్నే చూస్తున్నారు, చేసింది నేనేనని ఊరందరికీ తెలిసిన రోజు అది. నా పనితనం చూపించాలనిపించింది.

"ఇప్పుడే చేస్తాను సార్," అన్నాను.

కుర్చీలో కూర్చున్నాను. స్క్రిప్టు తెరిచాను. కిందికి పోయాను. మూడు హ్యాష్ గుర్తులు ఒక్కొక్కటే చెరిపేశాను. మూట కట్టమని చెప్పాను. కట్టే సాధనం తన పని తను చేసుకుంటూ ఒక నల్ల కిటికీలో లైన్ల మీద లైన్లు పరిచింది.

"పలక మళ్ళా వచ్చిందే!"

వెనక్కి చూశాను. పెద్దాయన ఎప్పుడు లోపలికొచ్చాడో, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి ఉన్నాడు, బకెట్టు చేత్తో పట్టుకుని.

"ఇది అది కాదు పెదనాయనా. ఇది ప్రోగ్రాము కట్టే కిటికీ. అయిపోతుంది ఇప్పుడే."

అయిపోయింది. ఓనరు గారికి చూపించడానికి ఆయన చెరువు నంబరే కొట్టాను, చెయ్యి అలవాటుగా అదే కొట్టింది. ఆల్కలినిటీ పన్నెండు అని కొట్టాను. తెర మధ్యలో పెట్టె టక్కున వచ్చి నిలబడింది. మళ్ళీ చూడండి. తెలుగు అక్షరాల్లో.

"అబ్బా, ఇంతేనా! భలే దానివే," అన్నారు ఓనరు గారు.

పెద్దాయన పెట్టె వైపు చూశాడు. పెదాలు కదుపుతూ ఆ రెండు మాటలూ చదువుకున్నాడు. తర్వాత నా చేతుల వైపు చూశాడు.

"నువ్వేమీ రాయలేదే పాపా," అన్నాడు.

నేను తెర మీది పెట్టెని మూసేశాను.

"చెరిపినావంతే. ముందే రాసిపెట్టుండావు గదా?"

గట్టిగా అనలేదు. ఓనరు గారు అప్పటికే ఫోను ఎత్తారు, రైతులు బయటికి పోతున్నారు, ఎవరికీ వినపడలేదు. ఆయన ముప్పై ఏళ్ళు నీళ్ళు చూసి గాలి మారడం కనిపెట్టిన మనిషి, నా మొహంలో జవాబు చదవలేడా? బకెట్టు చెయ్యి మార్చుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

చెరువు సొంతదారు అన్నంత పనీ చేశాడు. చెరువు ఇంకొకరికి పోయింది. ఓనరు గారు పెద్దాయనకి ఏదో సర్దుబాటు చేశారని విన్నాను, చెరువు మాత్రం తిరిగి రాలేదు.

నా సంగతి బాగానే ఉంది. మేనేజరు మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేదు. మూడు బ్రాంచీల్లోనూ నా ప్రోగ్రామే నడుస్తోంది, తెరుచుకోగానే పైన నా పేరు వస్తుంది, రొయ్య మీసాలు కూడా మామూలు సైజుకి తగ్గించాను. పోయిన నెల నెల్లూరు బజారులో మేనేజరు ఎదురుపడ్డాడు. నన్ను చూసి పక్క సందులోకి తిరిగాడు. ఆ రోజంతా హుషారుగా ఉన్నాను. ఆయనకి జరిగింది చాలదని కూడా నాకు ఒక్కోసారి అనిపిస్తుంది.

పెద్దాయన నాలుగు నెలల తర్వాత వచ్చాడు. మెడలో టార్చిలైటు వేలాడుతోంది. మా ల్యాబుకి దగ్గరలోనే ఒక ఆసామి చెరువుల మీద కాపలాకి కుదిరాడట. ఆసామి నీళ్ళు చూపించుకు రమ్మన్నాడట. నేను లేచి కుర్చీ వేశాను. కూర్చోలేదు. సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాడు. సంచి నోరు తెరుచుకునే ఉంది. లోపల రెండో సీసా, అదే నీళ్ళు, మూతకి అదే ఎర్ర దారం.

మామూలుగా చూడనట్టు ఉండాలి. నా వల్ల కాలేదు.

"మీ ఆసామి రెండు చోట్ల చూపించమన్నాడా పెదనాయనా?"

ఆయన సంచి మూయలేదు, దాచలేదు.

"లేదు పాపా," అన్నాడు. "నేనే."